తోడు దగ్గు

పొద్దున ఏడున్నర, షెఫీల్డ్‌లో ఇంకా చీకటి.
ట్రామ్ దిగి కొండెక్కి వచ్చేసరికి
నా ఊపిరి నాకే వినబడుతుంది.
మూడో మంచం, డెరిక్ ఓల్డ్‌రాయిడ్.
నవంబరులో చూరుగొట్టంలో ఆకులు తీస్తూ
నిచ్చెన మీంచి పడ్డాడు.
ఎంత ఎత్తు అని అడిగితే
"కుక్క దూకేంత" అంటాడు.

మెడలో ఆరో ఎముక దగ్గర తెగింది.
ఇంకాస్త పైన తెగి ఉంటే అని
కేసు షీటు చదివిన ప్రతివాళ్ళూ ఒక క్షణం ఆగుతారు.
మూడు, నాలుగు, అయిదు:
మెడలో ఆ మూడు పోగులూ కలిసి పేనిన దారం
ఫ్రెనిక్ నాడి.
గుండె పక్కగా జారి
ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న
ఉదరవితానాన్ని పట్టుకుంటుంది.
ఎక్కడి మెడ, ఎక్కడి పొట్ట!
పిండం వడ్లగింజంత ఉన్నప్పుడు
ఆ వితానం మెడ దగ్గరే పుట్టిందట.
తర్వాత కిందికి దిగిపోయింది,
తీగ తెంపుకోకుండా.
దీన్ని మన వలస కథగా చెప్పమని
ఒక సభలో ఎవరో అడిగారు.
చెప్పలేదు. అది కండరం. దాని పని దానికుంది.

కనుక డెరిక్ ఊపిరి పీలుస్తాడు.
దగ్గలేడు.

దగ్గంటే ఏమిటో నాకు ఇక్కడే తెలిసింది.
గొంతులో గరగర మొదలవుతుంది;
వేగస్, ఆ తిరుగుబోతు నాడి, కబురు పైకి మోస్తుంది;
మెదడు అడుగున ఎవరో "కానీ" అంటారు.
ఒక గుక్క గాలి లోపలికి.
స్వరతంత్రులు తలుపులు దగ్గరికేస్తాయి.
ఎడమ తలుపుకి పోయే నాడి సంగతే వేరు,
పక్కింటికి పోవడానికి పొలిమేర చుట్టొచ్చినట్టు
ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద మలుపు తిరిగి
మళ్ళీ గొంతుకెక్కుతుంది.
అయినా వేళకి చేరుతుంది.
ఇంతవరకు డెరిక్‌కి అన్నీ ఉన్నాయి.
తలుపు మూసి ఉంది. లోపల గాలి ఉంది.
ఇప్పుడు పక్కటెముకల మధ్య కండరాలూ పొట్ట గోడా
ఒక్కుమ్మడిగా తోయాలి.
ఆజ్ఞ బయల్దేరింది.
ఆరో ఎముక దగ్గర దారి లేదు.

తలుపు మెల్లగా తెరుచుకుంటుంది,
ఎవరూ రాని ఇంట్లో లాగా.

మొన్న చెవిలో గుబిలి తీస్తుంటే
దగ్గొచ్చింది, పిల్లి తుమ్మినంత.
వేగస్ కొమ్మ ఒకటి చెవిలోకీ పోతుందని చెప్పాను.
"దానికక్కడేం పని?" అన్నాడు.
తిరుగుబోతు కదా అన్నాను.
నవ్వుకీ పొట్ట కావాలి.
కళ్ళతో సరిపెట్టుకున్నాడు.

కాబట్టి నేను.
మంచం చదును చేసి, అరచేతులు రెండూ
అతని పక్కటెముకల అంచు కింద ఆనించి నిలబడతాను.
ముప్పై రెండేళ్ళు ఉక్కు మిల్లు బ్యాండులో
యూఫోనియం ఊదినవాడు,
గాలి లెక్క నాకంటే అతనికే తెలుసు.
గడ్డంతో తాళం వేస్తాడు:
ఒకటి. రెండు. పీల్చు. బిగబట్టు.
తోస్తాను, లోపలికీ పైకీ.
ఖళ్ళుమంటుంది.
ఎవరిదా దగ్గు?
కఫం నోటిదాకా వస్తే గొట్టంతో లాగేస్తాను.
"తొందరపడ్డావ్, లవ్," అంటాడు, "అర మాత్ర."
మళ్ళీ చేస్తాం.

మా మేనత్త సుభాషిణి, నాకు పొలమారితే
నెత్తిమీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్లే" అనేది.
పేర్లు చెప్పమనేది; సరైన పేరొస్తే ఆగుతుందట.
డెరిక్‌కి చెప్పాను.
కాసేపు కప్పు వైపు చూసి
"మేవిస్ అయ్యుంటుంది," అన్నాడు.
"టీలో పంచదార ఎక్కువేసేది. పోయి తొమ్మిదేళ్ళు."

మధ్యాహ్నం టీ గుక్క అడ్డదారి పట్టింది.
కళ్ళు పెద్దవయ్యాయి, చప్పుడు లేదు.
నేను రెండు మంచాల అవతలున్నాను.
పరిగెత్తి, మంచం దించి,
లెక్కా తాళమూ లేకుండా తోశాను.
ఒకసారి, ఇంకోసారి.
వచ్చింది.
మణికట్టుతో కళ్ళు తుడుచుకుని
"లోపల అయిదు పేర్లు చెప్పాను," అన్నాడు ఊపిరి చిక్కాక.
"ఒక్కటీ పనిచెయ్యలేదు."

సాయంత్రం ట్రామ్‌లో వెనక ఎవరో దగ్గారు.
ఒళ్ళోంచి నా చేతులు లేచాయి.
తిరిగి చూస్తే, స్కూలు పిల్లాడు,
నోటికి చెయ్యైనా అడ్డం పెట్టుకోకుండా
కిటికీ అద్దం మసకబారేట్టు దగ్గి
దాని మీద వేలితో ఏదో గీస్తున్నాడు.