గుక్క

పొద్దున చల్లగా ఉన్నప్పుడు
ఒక్క తిప్పుకే అందుకుంటుంది.
ఉదయగిరి కొండ అద్దంలో చిన్నదయ్యేదాకా
ఎనభై ఆరు నాటి పద్మినికి ఏ రోగమూ లేదు.

దుత్తలూరు దాటాక
వింజమూరు ఇంకా రాకముందు
గుక్కపట్టిన పసిదానిలా ఒకసారి ఎగరడం,
ఇంకోసారి,
ఆపైన ఏమీ లేదు.
చక్రాల కింద రోడ్డు చప్పుడొక్కటే మిగిలి
అదీ ఆగిపోయేది.

డిక్కీలో నాలుగు గోతాల చెంచాలు,
నర్దికర్రవి, బిక్కివి, పాలబరికె గరిటెలు,
కావలి కొట్టాయన పదింటికల్లా కావాలన్నవి.
నేను కంపచెట్టు నీడలో కూర్చుని
అరగంట లెక్కపెట్టేదాన్ని.
అరగంటకి, ఏమీ ఎరగనట్టు, మళ్లీ స్టార్టయ్యేది.

వైద్యాలు చాలా జరిగాయి.
ఉదయగిరి బస్టాండు మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు, కండెన్సరు మార్చాడు.
కావలిలో కార్బురేటరు విప్పి కడిగారు,
పెట్రోలు పంపులో పొర మార్చి పదిహేను వందలు.
వేడికి పెట్రోలు ఆవిరైపోతోందని
ఎవరో లారీ డ్రైవరు చెబితే
పంపు మీద తడిగుడ్డ కప్పుకుని తిరిగాను నెల రోజులు,
జ్వరం పిల్లతో తిరిగినట్టు.
మా మరిది అయితే అమ్మేయమన్నాడు. తనకే.

వింజమూరులో ఏసోబు మేస్త్రి
బానెట్ ఎత్తలేదు.
బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని అడిగాడు:
"ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఎక్కువ ఆగుద్దా, తక్కువున్నప్పుడా?"
ఇన్నాళ్లూ ఎవరూ అడగని సంగతి.
ఆలోచించాల్సి వచ్చింది.
"నిండా ఉన్నప్పుడు."
"ఎప్పట్నించి?"
"రంజాన్ ముందర్నించి."
"అంతకుముందు ఏం మార్చావు?"
"ఏం మార్చలా."
"ఊఁ. పెట్రోలు నింపించు. ఆగిందాకా పోదాం."

పక్క సీట్లో కూర్చుని
రేడియో వినేవాడిలా కళ్లు మూసుకున్నాడు.
దుత్తలూరు ఎత్తులో గుక్క పట్టింది.
"దిగబాక జైబున్నక్కా. అట్నే కూర్చో."
వెనక్కి నడిచి
పెట్రోలు మూత తిప్పాడు.

ఉస్స్.

ట్యాంకు గాలి పీల్చుకోవడం
ముందు సీట్లో నాకు వినపడింది.
"ఇప్పుడు కొట్టు సెల్ఫు."
అరగంట ఆగకుండానే అందుకుంది.

"ఈ మూత యాడిదక్కా?"

అప్పుడు గుర్తొచ్చింది.
చెంచాలు పెట్రోలు వాసనేస్తున్నాయని
పాయసం నోట పెట్టలేకపోయామని
నెల్లూరు నుంచి రెండు గోతాలు తిరిగొచ్చాయి.
ఆ కోపంలో పాతమూత పారేసి, గట్టిది కొని,
సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కోసి
లోపల వాషరులా బిగించింది ఈ చేతులే.
పచ్చికర్రని గాలాడకుండా మూటగడితే బూజు పడుద్దని
పనికొచ్చే పిల్లలకి రోజూ చెప్పే నోరే
ఏం మార్చలా అంది.

షెడ్డుకి తిరిగొచ్చాక
ట్యూబు ముక్క ఊడబీకి
మూతకి సూదంత బెజ్జం వేశాడు.
ఎంతివ్వమంటావంటే
"బెజ్జానికేం డబ్బులు" అని
గోతంలో చెయ్యిపెట్టి
ఉప్పుచెంచా ఒకటి ఏరుకున్నాడు.
వాసన చూసి మరీ.

ఇప్పుడు చెంచాలు వెనక సీటు మీద వస్తాయి,
కిటికీలు దించుకుని.
ఆ బెజ్జంలోంచి రోజూ కాస్త పెట్రోలు పోతుంది.
కావలి ఖర్చుల పుస్తకంలో
టీ పక్కన రాస్తున్నాను:
ఊపిరికి, రెండు రూపాయలు.