నలభై ఏడు మిల్లీమీటర్ల ఆకాశం

జ్ఞానాపురంలో ఫిలోమినమ్మ డాబా మీద
నా యంత్రం రాత్రీ పగలూ గాలి పీలుస్తుంది,
ఉబ్బసం మనిషిలా, ఒకే శ్రుతిలో.
కరెంటు ఖర్చు ఆఫీసుది.
ఆ గురక మాత్రం ఆమె భరిస్తుంది.

ఏడింటికి మెట్లెక్కి
పట్టకారుతో కాగితం బయటికి తీస్తాను.
నలభై ఏడు మిల్లీమీటర్ల గుండ్రన.
నిన్న పెట్టినప్పుడు కొబ్బరి ముక్కలా ఉంది.
ఇవాళ, రాత్రంతా వెలిగిన లాంతరు గాజు.

"ఏటి దొరికింది బాబూ?"
మోకాళ్ల మీద గచ్చు తుడుస్తూ అడుగుతుంది.
ఇంకా తెలీదమ్మా, ఆరబెట్టాలి, తూచాలి,
ల్యాబుకి పంపాలి. మూడు వారాలు.
"మూడు వారాలే!"
తడిగుడ్డ పిండకుండా నా ముందు పరిచింది.

"ఈ ఎర్రది సూడు, వేగన్లలో వచ్చే ఇనపరాయి.
గోళ్లలో దిగిపోయిందే, ఇది బొగ్గు,
రేవు వైపు నుంచి గాలి తిరిగితే చాలు, చుట్టంలా వచ్చేస్తాది.
ఈ బూడిదరంగుది రోడ్డు. లారీలు తొక్కి తొక్కి లేపింది.
తెల్ల చార సముద్రానిది, కావాలంటే నాలిక్కి రాసుకో.
దీనికేటి మూడు వారాలు?"

మూడు వారాలకి కాగితం నోరు విప్పింది.
ఆమె చెప్పిందే చెప్పింది, కాస్త దశాంశాలతో.
తర్వాత ఆమె చెప్పనివి.
బీచిరోడ్డు మీద జనం ఐస్‌క్రీం తింటూ
ఎంత బాగున్నాయో అని చూసే ఓడల దీపాలు,
ఆ ఓడలు లంగరేసి కాల్చే చిక్కటి నూనెలోని వెనేడియం.
కంచరపాలెం మలుపులో అరిగిన బ్రేకుల రాగి.
ఎవరో చలికి వెలిగించిన చెత్తకుప్ప, దాని పొటాషియం.
నా బండి పొగ కూడా ఉండే ఉంటుంది,
యంత్రం కిందే కదా రోజూ స్టాండేస్తాను.

అన్నీ కూడినా బరువు సరిపోలేదు.
మిగిలిన దానికి రంగు లేదు.
పొగగొట్టం దాటినప్పుడు అది ధూళి కాదు,
కంటికి ఆనని గంధకపు ఆవిరి.
ఊరి మురుగు మీద లేచే అమ్మోనియా ఎదురొచ్చింది.
ఆకాశంలోనే పెళ్లి, ఆకాశంలోనే కాపురం.
పుట్టిన పిల్ల తలవెంట్రుకలో ముప్పయ్యో వంతు.
వాటాలు పంచే పట్టికలో
దానికి ఎవరి ఇంటిపేరు రాయాలో
మా సారుకీ తెలీలేదు.

ఫిలోమినమ్మకి చెప్పాను.
"రంగు లేదా?"
లేదు.
"వాసన?"
ఉండదు.
గుడ్డని బకెట్టులో ముంచి, అలాగే పట్టుకుని,
"మరి దేంతో తుడవాలి?" అంది.

వారానికోసారి నాతో ఒక ఖాళీ కాగితం తెస్తాను.
డబ్బీ తెరుస్తాను, మూస్తాను, గాలి పీల్చనివ్వను.
దాని బరువు మారకూడదు.
మారితే మిగతావాటిలో తప్పెంతో తెలుస్తుంది.
ఈ లెక్క మొత్తం ఆ తెల్లకాగితం మీద ఆధారపడి ఉంటుంది.

డిసెంబరు. యారాడ కొండ మీద మంచు కదలటం లేదు.
రాత్రి పొగంతా ఊరి గిన్నెలో కూర్చుని ఉంది.
పురిటికొచ్చిన ఆగ్నేసు కూతురు, ఇరవై రోజుల పిల్ల,
ఒళ్లంతా నూనెతో చాప మీద ఎండ కాగుతోంది.
కాగితం మార్చడానికి యంత్రం ఆపాను.
గురక ఆగేసరికి
పిల్ల ఊపిరి వినిపించింది.
నిమిషానికి నలభై, ఆ పైన.
నా మెషీను నిమిషానికి పదహారు లీటర్లు అని తెలుసు.
ఇది ఎన్నో, లెక్క కట్టటానికి చెయ్యి రాలేదు.

స్విచ్చి వేశాను. మళ్లీ గురక.
పుస్తకంలో 'వాతావరణం' గడిలో
అలవాటుగా 'నిర్మలం' అని రాస్తుంటే
ఫిలోమినమ్మ వచ్చి
చాపతో సహా పిల్లని
యంత్రం పక్కకి లాగింది.
"కొంతైనా అది పీల్చేసుకుంటాది కదా."

నేను కాదనలేదు.