ఆరు నిమిషాల సగటు

జలీబ్‌లో, హసావీ సందు చివర,
ఆరంతస్తుల డాబా మీద
నీళ్ల ట్యాంకులకూ డిష్ గొడుగులకూ నడుమ
మూడు కాళ్ల స్టాండు దించాను.
భుజమెత్తున తెల్ల బంతి. దానికి ఎడంగా నేను.
నా ఒళ్లు కూడా తరంగాన్ని తాగుతుంది,
లెక్క తప్పుతుంది.
నా ఫోను కూడా ఆపేశాను.

ఫిర్యాదు పెంచలయ్యది, ఈ బిల్డింగు హారీసు.
టవరు కాలికి ఆనించి కట్టిన రేకుల గదిలో
తొమ్మిదేళ్లుగా ఒంటి కాపురం.
"తలకాయంతా దిమ్ము సార్. రాత్రయితే చెవుల్లో ఒకటే రొద.
ఈ టవరు నన్ను లోపల్లోపలే ఉడకేస్తాండాది."

ఆరు నిమిషాలు కదలకూడదు.
పావురమొకటి ఇనపకడ్డీ మీద వాలి,
కాళ్లు చురుక్కుమని లేచిపోయింది.

సున్నా పాయింటు నాలుగు.
అనుమతి గీత నలభై ఒకటి.
మళ్లీ పెట్టాను. గుమ్మంలో, మంచం మీద,
తలగడ నూనెమరక దగ్గర.
ఇంకా తక్కువే.

యాంటెన్నా కిందికి చూడదు పెంచలయ్యా,
టార్చిలైటులా ఎదుటికి విసురుతుంది.
అదిగో, పసుపు తువ్వాలు ఆరేసిన ఆ కిటికీ,
నా అంచనాకి దానికి నీకంటే పదింతలు.
దానికీ భయం లేదు.
నీది దీపం కింది చీకటి.

ఆయన నవ్వలేదు.
"అందుకేనా సార్, గదిలో సిగ్నలు దొరకంది!
సాల్మియాలో పనిచేసే మా చెల్లెల్ని
ఆస్పత్రిలో ఏసినారని ఏడు కాల్సు.
తెల్లారి మెట్లు దిగినాక
ఏడూ ఒకేసారి వచ్చి పడినాయి."

ఇక్కడినుంచే ఒకసారి చేసి చూడమన్నాను.
అంకె ఎగిరి ఆరు దాటింది.
టవరు కాదు, ఆయన చేతిలోని ఫోనే.
వినపడని చోట ఎవరైనా
గొంతు చించుకుంటారు కదా.

ఫారంలో దూరానికి గడి ఉంది, ఎత్తుకుంది,
గాలిలో తేమకు కూడా ఉంది.
మంచం తల వైపు గోడకు అవతల
పద్నాలుగు ఏసీ కంప్రెసర్లు ఉన్నాయని
రాసే గడి లేదు.
మధ్యాహ్నం రేకు ఎంత కాలిందో
ఎవరూ అడగలేదు.
వెనక పేజీలో రాశాను. వెనక పేజీ స్కాన్ చేయరు.
"పరిమితికి లోబడి ఉంది" దగ్గర టిక్కు పెట్టాను.
అది అబద్ధం కాదు.

గురువారం చీకటి పడుతోంది.
సందులో గదులన్నీ ఒక్కసారే ఫోన్లెత్తాయేమో,
ఆపడం మరిచిన మీటరు మీద
అంకె మెల్లగా పాకుతోంది,
సున్నా పాయింటు ఐదు, ఆరు...

పిట్టగోడ ఎక్కి కూచున్నాడు పెంచలయ్య.
"ఆ, సుబ్బమ్మా. సార్ వచ్చినాడు.
మిషను పెట్టి చూసినాడు.
నా గదిలో ఏమీ లేదంట."