కప్పు లేని చోట

ముప్పై నాలుగేండ్లు నా ప్రయాణమంతా కిందికే.
గోదావరిఖనిల సైరన్ కూసిందంటే
టోపీకి లైటు, నడుముకు బ్యాటరీ,
డోలిల నిలవడి చీకట్లకు జారుడు.
బొగ్గు ముట్టకముందు
కట్టెతోటి పైకప్పు కొట్టి చూడాలె.
ఖంగుమంటే ఉంటది.
డొబ్బుమంటే, ఉరుకు.
గా సప్పుడు తప్ప నేనింకో భాష నేర్వలే.

యాకూబ్‌పాష, మొండయ్య, నేను
తొమ్మిదేండ్లు చీటి ఏసినం, నెలకు ఐదు వందలు,
రిటైరైనంక యాడికన్న పోదామని.
మొండయ్య కాశీ అన్నడు, పాష అజ్మీర్ అన్నడు,
లొల్లి తెగలే.
చివరికి జిరాక్స్ దుకాణం పిల్లగాడు
ఫోన్ల ఒక కొండ జూపెట్టిండు. జార్జియా అట.
కొండ మీది నుంచి మనుషులు దుంకుతున్నరు,
దుంకి పడతలేరు.
ముగ్గురం ఒక్కటేసారి నోరు మూసుకున్నం.

విమానమెక్కినంక
సీటుకాడ నిలవడి పైన సామాన్ల పెట్టెను
మడిచిన ఏలుతోటి కొట్టిన.
డొబ్బుమన్నది.
మొండయ్య దిక్కు చూసిన, వాడూ విన్నడు.
ఉరుకుదామంటే
అప్పటికే తలుపులేసిండ్రు.

ఆడ మంచు పడుతున్నది.
పాష అరచేతుల ఏసుకొని
"బొగ్గు తెల్లగైతే గిట్లుంటదిరా" అన్నడు.
నాకు నచ్చలే ఆ మాట.
మంచు చేతుల పెట్టంగనే పోయింది.
బొగ్గు పోలే, ఇంకా నా గోర్ల సందుల ఉన్నది.
హోటల్ల పిండి మూటలు పెట్టిండ్రు.
మొండయ్య కొరికితే రసమంతా అంగి మీద.
పక్క బల్ల ముసలామె లేచొచ్చి
పట్టుకునుడు, కొరుకుడు, జుర్రుడు నేర్పింది.
వాడు సంచిల నుంచి సర్వపిండి ముక్క తీసిచ్చిండు.
ఆమె దంతాలు కట్టుడువి. అయినా తిన్నది.

మూడోనాడు గుడౌరిల
కొండకొమ్మున ఎర్రబట్ట పరిచిండ్రు, పెండ్లి పందిరంత.
పాష ఎక్కనన్నడు, నా కండ్లద్దాలు పట్టుకొని నిలవడ్డడు.
తాళ్లతోటి నన్ను తనకు కట్టుకున్న పోరడు
చెవుల ఏదో అరిసిండు.
ఏ భాషనో గని నా కాళ్లకు ఎరుకే:
ఉరుకు.
ఉరికిన.
నాలుగడుగులు నేల మీద పడ్డయి.
ఐదోది
ఇంకా పడలే.

డోలి దిగేటప్పుడు కడుపు గొంతులకొస్తది.
ఈడ గొంతే యాడికో పోయింది.
కింద గొర్లో రాళ్లో, ఒలకబోసిన పేలాల లెక్క.
తెల్వకుంటనే చెయ్యి పైకి లేసింది.
కట్టె లేదు. ఏలు మడిచి కొట్టిన.
ఏం తగల్లే.
ఇంకింత సాచిన. తగల్లే.
ఎర్రబట్ట ఉన్నది గని అది కప్పు గాదు,
అది గూడ మాతోటే పోతున్నది.

అప్పుడు మొగిలి యాదికొచ్చిండు.
నైట్ షిఫ్టు. కట్టె నా చేతులనే ఉండె.
డొబ్బుమన్నది ఇద్దరం విన్నం.
ఒక్కన్నే ఉరికిన.

ఎంతసేపు తిరిగినమో తెల్వది.
బురద మంచుల కూలబడ్డంక
పోరడు నా మొఖం చూసి, గాలికి నీళ్లొస్తయని
సైగ చేసిండు.
అవునన్న.

ఇంటికొచ్చినంక, క్వార్టర్ అరుగు మీద
చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట ఓదెమ్మ అడిగింది:
"ఏమున్నది పైన?"
"ఏం లేదు."
"ఏం లేనిదానికా గన్ని పైసలు?"
"గది ఇంతకుముందు ఎన్నడు చూడలే కదా."

మూడింటికి ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగు.
గూట్ల గిన్నెలు గల్లుమన్నయి.
ఎప్పటిలెక్కనే ఇద్దరం పైకి చూసినం,
రేకులు కదిలి ఆగేదాక.

చాట దులుపుకుంట, ఎటో చూసుకుంట
ఆమె మల్ల అడిగింది:
"ఆడోళ్లను గూడ కట్టుకుంటరా ఆళ్లు,
గా తాళ్లతోటి?"