పదకొండు సెంటీమీటర్లు

మూసారాంబాగ్ వంతెన మీద రాత్రి ఒకటిన్నర.
బస్సులు ఆగిపోయాయి.
వాసన మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఇనుప స్తంభానికి కట్టిన డబ్బా మూత తీస్తే
ముందు చీమలు, తర్వాత బల్లిగుడ్ల పెంకులు,
ఆ తర్వాతే
గోరంత ఎర్రదీపం కొట్టుకుంటున్న బోర్డు.
మూడు తీగలు కలిపాను:
నేల, చెప్పేది, వినేది.
ల్యాప్‌టాప్‌ని స్కూటీ సీటు మీద పెట్టి అడిగాను,
ఎన్నాళ్లయింది కన్ను మూసి?
పదకొండు వందల నలభై మూడు రోజులు, అంది.

మూడు వానాకాలాలు.
నిమిషానికోసారి నీళ్ల మీదికి ఒక శబ్దం విసిరి
అది తిరిగొచ్చేదాకా లెక్కపెట్టుకుంటూ.

పాత కెర్నెల్‌కి కన్నాలున్నాయని ఆఫీసులో తేలింది.
జూన్ దాటకముందే మార్చమన్నారు.
లోపల రెండు గదులు.
ఒక గదిలో పాతది పనిచేస్తుండగానే
రెండో గదిలో కొత్తదాన్ని సర్దాలి,
చెక్‌సమ్ చివరి అక్షరం దాకా కలిశాక
రీబూట్ అని కొట్టి ఎంటర్ నొక్కాలి.
నొక్కాను.
దీపం ఆరింది.

జంగయ్య ఎందుకో బీడీ ఆర్పేశాడు.
"సచ్చిందా మేడం?"

మూడు, రెండు, ఒకటి.
కొత్త బోరులో నీళ్లు పడ్డట్టు తెర మీద అక్షరాలు
ముందు తుంపరగా, తర్వాత ఆగకుండా.
లేచింది. తారీఖు అడిగితే
పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి అంది.
గడియారం బ్యాటరీ చచ్చిపోయింది మరి,
లేచిన ప్రతిసారీ అక్కణ్ణుంచే మొదలు.

నీటిమట్టం ఒకటి పాయింట్ ఐదు మూడు.
ఇందాక ఒకటి పాయింట్ నాలుగు రెండు.
ఏడు నిమిషాల్లో మూసీ ఇంత పెరిగిందా?
ఆకాశం పొడిగా ఉంది.
జంగయ్య టార్చి కొట్టి
వంతెన కాలి మీది పెయింటు గీతలు చూశాడు.
"పాతదే కరెక్టు."

పాత గదిలోకి వెళ్లి వెతికాను.
ఓ మూల చిన్న స్క్రిప్టు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
స్తంభం వంగింది. పదకొండు తీసెయ్యాలి.
ఇది చెరపకండి ప్లీజ్. తబస్సుమ్.

నలభై పేజీల అప్పగింత కాగితాల్లో
స్తంభం ఊసే లేదు. ఆమె ఊసూ లేదు.
"వరదల మొద్దు కొట్టుకొచ్చి గుద్దింది," అన్నాడు జంగయ్య.
"గా పిల్ల వానల నిలవడి కొలిచింది.
టేపు ఇంకో కొస నా చేతుల ఉండె."

ఆ వరసని కొత్త గదిలోకి మోసుకొచ్చాను.
పేరు తీసేద్దామని వేలు పెట్టి, తియ్యలేదు.
కింద నాదీ ఒక ముక్క రాశాను:
కెర్నెల్ మారింది. స్తంభం మారలేదు.

ఒకటి పాయింట్ నాలుగు రెండు.
సిగ్నల్ దొరికి, డబ్బా ఒక్క గెంతులో
యాభై ఏళ్లు దాటి మా పక్కకొచ్చి నిలబడింది.

మూత బిగిస్తూ జంగయ్య ఒక స్క్రూ జారవిడిచాడు.
నదిలో పడ్డ చప్పుడు కూడా వినపడలేదు.
మూడింటితోనే బిగించి
నాలుగో కన్నంలోకి కాసేపు చూసి
"రేపు తెస్తా" అన్నాడు.
చీమలు అప్పటికే అటు తిరిగాయి.