కొలతలు

జనవరిలో గ్యూమ్రీకి ఒక లారీ వచ్చింది
పదకొండు చక్రాల కుర్చీలతో.
అన్నీ పెద్దవాళ్ళవే.
దానమిచ్చిన ఆవుకు పళ్ళెంచకూడదంటారు.
హ్రాచిక్ ఎంచుతాడు.
పళ్ళూ, చక్రాల పుల్లలూ, తుప్పెక్కిన బ్రేకులూ ఎంచి
మీసం కొరుక్కుని
రంపం తీస్తాడు.

నజెలికి తొమ్మిదేళ్ళు.
అందులో కూర్చోబెడితే
గంగాళం అడుగున గుక్కెడు పాలలా ఉంది.
చేతులు చక్రాలకి అందవు.
దర్జీలా టేపు మెడలో వేసుకుని వంగాడతను
తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి.
ఎడమకాలిది ఒక అంకె, కుడికాలిది ఇంకొకటి.
రెండూ గోడమీద సుద్దతో రాసి
"పోయినేడు ఇక్కడున్నావు, చూడు, ఇంత పెరిగావు" అన్నాడు.
ఆ పిల్ల చాలాసేపు ఆ గోడనే చూసింది.
ఆసుపత్రిలో ఎప్పుడూ
తగ్గినవే లెక్క చెబుతారు.

నా పని వేరు.
నేను దాతలకు ఉత్తరాలు రాస్తాను.
ఉత్తరానికో ఫొటో జతచెయ్యాలి, నవ్వు ముఖంతో.
"కాస్త నవ్వు తల్లీ."
"ఎవరికి?"
"కుర్చీ ఇచ్చినవాళ్ళకి."
"మరి వాళ్ళ ఫొటో ఏది?"

నా దగ్గర లేదు.
పదహారేళ్ళుగా ఈ నల్లరాతి గదిలోంచి
నవ్వులు ఎగుమతి చేస్తున్నాను.
తిరుగుటపాలో ఒక్క ముఖమూ రాలేదు,
నేను అడగనూ లేదు.
కెమెరా బరువెక్కి దించేశాను.

అప్పుడే కుర్చీ తిరగేసిన హ్రాచిక్‌కి
సీటు కింద మేకుతో గీకిన పేరు కనబడింది:
యోరిస్. పక్కన వంకరటింకర చేప.
గరుకు కాగితం తీసేలోపే
నజెలి అరచెయ్యి దాన్ని కప్పేసింది.
"ఉండనీ. ఆయన ఇప్పుడు
దేంట్లో కూర్చుంటున్నాడో అడుగు."

స్టవ్ పక్కన కూర్చుని
ఆ రాత్రి ఉత్తరం మూడుసార్లు చింపాను.
అడగకూడని ప్రశ్న అది.
అడక్కుండా ఇన్నేళ్ళు ఎలా ఉన్నానో
అదీ తెలియలేదు.
చివరికి ఆమె మాటే అలాగే రాసి
చేప ఫొటో జతచేసి పంపాను.

జవాబు ఇంకా రాలేదు.

ఏప్రిల్‌లో నజెలి మోకాళ్ళు కుర్చీ అంచు దాటాయి.
హ్రాచిక్ సొరుగులు వెతుకుతున్నాడు,
అప్పుడు కోసిన గొట్టం ముక్కలకి
తాడుతో ఆమె పేరు కట్టి దాచాడట.
మళ్ళీ అతకాలి.