లేదు అని రాయి

దారేజాన్ ఇంటి పొయ్యికి పైన్ మొద్దులు మోసేది నేనే.
కొండ మీది అబ్జర్వేటరీలో బాయిలర్ పని నాది.
ఆవిడది ఒకప్పుడు
గాజు పలకల మీద నల్లచుక్కలు కొలిచే పని.
జార్జియాలో, మెస్ఖేతి కొండల్లో ఫిబ్రవరంటే
తలుపు గడియ కూడా వేలిని కరిచే నెల.

తెల్లవారుజాము మూడింటికి బాల్కనీలో నిలబడుతుంది,
రాత్రి గౌను మీద పోయిన మొగుడి ఆర్మీ కోటు.
ఈశాన్యాన చెట్ల మీదుగా లేస్తుంది ఉత్తర కిరీటం.
కిరీటమంటారు గానీ, నా కంటికది
చిట్లి సగమే మిగిలిన చేతిగాజు.
ఆ అంచుకు కాస్త బయట, ఏమీ లేని చోటును
ఆవిడ చూస్తుంది.

ఏమీ లేని చోటు కోసం ఎనభై ఏళ్ళు
నిద్ర చెడగొట్టుకుందంటే నవ్వుతారు.

"నాకు ఏడేళ్ళప్పుడు చూశాను," అంటుంది.
యుద్ధం అయిపోయిన మరుసటి శీతాకాలం.
రొట్టె క్యూలో నిలబడటానికి చీకట్లోనే లేపి
మేనమామ బెసారియోన్ చెయ్యి ఎత్తి
"అదిగో, నిన్న అక్కడ లేదు" అన్నాడట.
పది రోజులు తిరక్కుండా కంటికి ఆనకుండా పోయింది.
ఆ పూట రొట్టె దొరికిందో లేదో
గుర్తు లేదట.

అక్కడ ఉన్నది ఒకటి కాదు, రెండని చెప్పింది ఆవిడే.
ఒకటి ముసలిది, మహా పెద్దది,
ఎర్రగా ఉబ్బి, తన ఒంటిని తాను పట్టుకోలేక
రాత్రంతా పొంగి తొట్టి అంచు దాటిన పిండిలా.
రెండోది భూమంతే ఉంటుంది, బరువు సూర్యుడంత.
దాని వంట ఎప్పుడో అయిపోయింది,
మిగిలింది తెల్లటి నిప్పు ముద్ద.
రెండు వందల ఇరవై ఎనిమిది రోజులకో చుట్టు.
పెద్దదాని నుంచి జారినదంతా
చిన్నది ఒంటికి పూసుకుంటూ, పూసుకుంటూ
ఒకరోజు భగ్గుమంటుంది.
మళ్ళీ మొదటికి.

"అయితే చిన్నది దొంగన్నమాట," అన్నాను.
పిండి చేతులతోనే నా వైపు తిరిగింది.
"దొంగేమిటి? ముసలిదాని చేతుల్లోంచి జారింది,
పక్కనున్నదాని ఒళ్ళో పడింది.
ఎనభై ఏళ్ళు కూడబెట్టి
ఒక్క రాత్రిలో తగలేసేదాన్ని
దొంగంటారా, పిచ్చిదంటారా?"
పెద్దదానికి ఇంకా నూకలున్నాయట.
ఈ కొండలన్నీ ఇసకయ్యేదాకా.

అక్కడి వెలుగు మనకు చేరడానికి మూడు వేల ఏళ్ళట.
అంటే ముప్పై ఏడు పేలుళ్ళు
ఇప్పటికే దారిలో ఉన్నాయి,
కనుమ మలుపు అవతల
వరసగా ఎక్కుతున్న లారీల దీపాల్లా.
"రావలసింది ఎప్పుడో బయల్దేరింది, జుంబేర్.
నేను ఉండాలి, అంతే."

కిందటేడు ఆవిడ కళ్ళకు పొర కమ్మింది.
అప్పట్నుంచి చూసేదీ నేనే, రాసేదీ నేనే.
గళ్ళ నోటు పుస్తకాలు పదకొండు,
ప్రతి వరసలో తేదీ, ఆకాశం, ఒక మాట:
లేదు.
మబ్బు పడితే "మబ్బు" అనే రాయాలి.
లేదుకీ తెలీదుకీ ఉన్న తేడా
బద్ధకంతో చెరిపెయ్యకూడదంటుంది.

నిన్న రాత్రి జ్వరం. ఊపిరి ఈలలా వస్తోంది.
గోడ వైపు తిరిగే అడిగింది, "వచ్చిందా?"
బయట ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది.
ఒక్క మాట. అంటే నాదేం పోతుంది?
రేపు ఎవరు వచ్చి తనిఖీ చేస్తారు?
ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి
అక్కడే కూర్చుంది.

"లేదు," అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నవ్విందో, దగ్గిందో.
"సరే, రాయి.
ఆకాశం ఎంత తేటగా ఉందో కూడా రాయి."

చలికి పెన్ను బిగుసుకుపోయింది,
ఒకే మాటను రెండుసార్లు గీయాల్సి వచ్చింది.
పొయ్యి పక్కన తొట్టిలో
మొదటిసారి నేను కలిపిన పిండి
గుడ్డను మెల్లగా పైకెత్తుతోంది.